మామునూరులో మిట్టమధ్యాహ్నం

టైర్లల్ల గాలి లేదు, సిమెంటు పోసిండ్రు.
రెక్క కింది నీడ మాత్రం ఇంకా డ్యూటీల ఉన్నది:
ఇద్దరు బడిపిల్లలు అండ్ల కూసోని సర్వపిండి తింటున్నరు.

ఓదెలు కాక బోర్డు చదవలే.
కాలుతున్న రేకు మీద అరచెయ్యి ఆనిచ్చిండు
జరం చూసినట్టు. చానాసేపు.

"బాంబులేసిందా తాతా?"
"నాకేమెర్క బిడ్డా,
పొద్దుగాల మరలు బిగిచ్చి తోలేటోన్ని.
వాపసొస్తే
చిల్లులు లెక్కపెట్టి మాసికలేసేటోన్ని."
రాకపోతే ఏం చేసేటోడో
పిల్లగాడు అడగలే.

పొగగొట్టంల నుంచి గోరింక తొంగిచూసింది.

కాక రూపాయి బిళ్ల తీసి
తోక కాడ ఒక మరను అర చుట్టు తిప్పిండు.
వాచ్‌మన్ చూసి ఊకున్నడు.

హన్మకొండ బస్సుల టికెట్టు అందుకుంటుంటే కనవడ్డది,
ఆయన అరచేతిల
రివిట్ల వరుస, ఎర్రగ.