ఆకురాయి గీతలు

యార్క్ ఊళ్లో, ఫైర్‌స్టేషన్ వెనక హాల్లో
ప్రతి నెలా రెండో శనివారం
నా బల్ల మీద పచ్చ గుడ్డ పరుస్తాను.
పక్క గదిలో ఎవరో చికెన్ సూప్ కాస్తుంటారు.
ఆ ఆవిరికి గాజుపెట్టె మూతలు మసకబారతాయి,
నేను తుడుస్తూనే ఉంటాను.

ఓరిన్ స్టాఫర్ తొమ్మిదింటికల్లా వస్తాడు.
నలభై ఒక్క ఏళ్లు అచ్చుల కార్ఖానాలో
ఇనుము రాకిన మనిషి.
బొటనవేలి గోరు కింది నలుపు
ఇంకా రిటైర్ కాలేదు.

మెరిసేవాటి జోలికి పోడు.
"ఆ గీతలు పడ్డది తియ్యండి, మిసెస్ గ్రూబర్."
పదిహేడువందల తొంభై అయిదు. అర డాలరు.
జుట్టు విరబోసుకున్న స్వేచ్ఛ చెంప మీద
పిల్లి గీరినట్టు ఏడెనిమిది చారలు.
చీటీ మీద 'లోపం' అని రాశాను,
మూడొందలు తగ్గించాను కూడా.

అతను ఆ మాట చదివి నవ్వుతాడు.
ఫిలడెల్ఫియా టంకశాలలో ఆ రోజుల్లో
బిళ్ళ తేలికైతే మళ్ళీ కొలిమిలోకి.
బరువైతే ఎవరో త్రాసు ముందు కూర్చుని
వీసమెత్తు వెండి ఆకురాయితో రాకి,
ఊది,
మళ్ళీ తూచేవారు.
ఆ తర్వాతే అచ్చు దెబ్బ.
దెబ్బకి కొన్ని గీతలు మాసిపోయాయి.
కొన్ని మొండికేశాయి.

ఓరిన్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
నాణేన్ని కిటికీ వెలుతురులోకి వాలుస్తాడు.
"ఇదిగో, ఇటు నించి అటు దిగాయి.
పుర్రచేతి మనిషి."
అతనిదీ పుర్రచెయ్యే.
మూడో తరగతిలో టీచరమ్మ ఆ చేతిని
కుర్చీ కోడుకి కట్టేసేదిట,
గంట కొట్టేదాకా.

అలా ఆరేళ్లలో పదకొండు కొన్నాడు.
పింఛను డబ్బు, పడవ మోటారు అమ్మిన డబ్బు,
ఒకసారి నాలుగు వాయిదాలు.
అన్నీ ఆ ఒక్క చేతివేనంటాడు.

చెప్పాలో వద్దో తెలీని సంగతొకటి
నా నాలుక కింద రెండేళ్లు నానింది.
రాకినప్పుడు అది ఉత్త బిళ్ళ.
దానికి తల లేదు, అడుగు లేదు, కుడి ఎడమల్లేవు.
అచ్చు కింద ఎలా పడితే అలా పడుంటుంది.
ఆ వాలు చూసి చెయ్యి చెప్పడమంటే
దొర్లిన గుమ్మడికాయని చూసి
తీగ ఏ దిక్కుకి పాకిందో చెప్పడమే.

మొన్న జనవరిలో, మంచుకి దార్లు మూసుకుపోయి
హాల్లో మేం ఆరుగురమే.
చెప్పేశాను.

సూప్ కప్పు బల్ల మీద పెట్టబోయి,
పచ్చ గుడ్డ గుర్తొచ్చి, నేల మీద పెట్టాడు.
"తెలుసు," అన్నాడు. "రెండోది కొన్న రోజే తెలిసింది.
రాకే పనివాణ్ణి, నాకు తెలీదా?"

మరి?

చాలాసేపు మాట్లాడలేదు. హీటరు గొణుగుతోంది.
తర్వాత నా చెయ్యి పట్టుకుని
చూపుడువేలి గోటిని ఒక గీత మీద ఆనించాడు.
నాణేన్ని అంచుల్తో తప్ప ముట్టొద్దని
పాతికేళ్లుగా ఊరందరి మీదా అరిచే నేను
ముట్టనిచ్చాను.
"మొదట్లో లోతు. చివర తేలిక. తెలుస్తోందా?
అక్కడ చెయ్యి ఎత్తారు.
ఇంక చాలు అనుకున్నారు.
కార్ఖానాలో కొత్త కుర్రాళ్లకి ఎంత చెప్పినా
నాకు నేర్పడం చేతకానిది అదొక్కటే,
ఎక్కడ ఆపాలో."

పెన్ను తీసి చీటీ మీద 'లోపం' కొట్టేశాను.
"అయితే ధర పెరుగుతుందా?" అన్నాడు గాభరాగా.
పెరగదన్నాను.

ఎడమచేత్తో నోట్లు లెక్కపెట్టాడు.
ఒకటి ఎక్కువొచ్చింది.
వెనక్కి తీసుకున్నాడు.