రెండు తలుపుల బండి

దేవరకొండ రోడ్డు మీద మా సెకండ్‌హ్యాండ్ అడ్డాల
పదకొండు నెలలు నిలబడ్డదది.
నిమ్మపండు రంగు. కరెంటు బండి. రెండే తలుపులు.
అద్దం మీద సున్నంతోని నాలుగు లక్షల పది అని రాసిన,
తుడిచి మూడు ఎనభై ఐదు,
తుడిచి మూడు నలభై.
తుడిచి తుడిచి అద్దమే తెల్లవడ్డది.

వచ్చినోళ్లు ముందుగాల తలుపులే లెక్కవెడ్తరు.
చుట్టు తిరిగొస్తరు, మళ్లొకసారి తిరుగుతరు,
మందల తక్కువైన గొర్రెను ఎతికినట్టు.
"వెనకకు ఎట్ల ఎక్కాలె?"
ముందు సీటు వంచి చూపిస్త.
"మా అత్త ఎక్కుతదా గిట్ల?"
నేనేం జెప్పాలె. వాళ్లత్తను నేను చూడలే.

నకిరేకల్ నుంచి బత్తాయిల సేటు వచ్చిండు.
"నింపితె ఎంత దూరం?"
నూట ఇరవై, అన్న.
"హైదరాబాద్ పోతదా?"
పోతది.
"మళ్లొస్తదా?"
చాయ్ చెప్పిన.
చాయ్ తాగి లేచి పోయిండు.

పక్కన హైబ్రిడ్డొకటి ఉండె, దానికీ రెండే తలుపులు.
సగం పెట్రోలు, సగం కరెంటు.
ఊర్ల ఆర్‌ఎంపీ లెక్క, సూదీ ఏస్తది, కషాయమూ పోస్తది.
నమ్మేటోళ్లు దొరికిండ్రు. దసరాకు ముందే పోయింది.

ఇది మిగిలింది.
మా మెకానిక్ మొయిన్ రోజు పొద్దుగాల
బానెట్ మీద చెవి వెట్టి "దిల్ ఏదిరా దీనికి" అంటడు.
ముప్పై ఏండ్లు దగ్గును బట్టి రోగం చెప్పినోడు.
దగ్గని దాని ముందర
పానా చేతుల పట్టుకొని ఊకె నిలవడ్తడు.
నల్లనూనె అంటని గోర్లను చూసుకుంటడు.

మొన్న మంగళారం
మర్రిగూడ దిక్కు నుంచి ఒకాయన దిగిండు.
పేరు ఇస్తారి. దర్జీ. మెడల టేపు.
మోకాళ్లు వంగవు. ఆ దిక్కు బోరు నీళ్లు
చిన్నప్పుడే కాళ్లను కట్టెలు జేసినయి.
ఎనక ఆయన భార్య అండాలు.

ఆయన తలుపులు లెక్కవెట్టలే.
ఒక్క తలుపు తెరిచి
మెడల టేపు తీసి కొలిచిండు.
"నలభై తొమ్మిదిన్నర" అని తనకు తనే చెప్పుకున్నడు,
పెండ్లికొడుకు ఛాతీ కొలిచినంత మర్యాదగ.
ముందు నడుము లోపలవెట్టి
రెండు కాళ్లు, సాపుగ, దేనికీ తాకకుండ
ఒక్కతీరుగ లోపలికి తెచ్చుకున్నడు.

"నాలుగు తలుపులోళ్లు గుడ్డను నడిమిట్ల కోసిండ్రు.
గిది కొయ్యని గుడ్డ" అన్నడు.
ఆటోల అడ్డం పండి పోయిన సంగతులు అనలే.
అవి అండాలు అన్నది, స్టీరింగ్ దిక్కు చూసుకుంట.
తోలేది ఆమెనే.

"చప్పుడే లేదు, బుగులైతలేదా?" మొయిన్ అడిగిండు.
ఇస్తారి నవ్విండు.
"నా మిషను తొక్కుడు మాని కరెంటుకు మారి పదేండ్లాయె.
కుట్టు నిలవడ్డదా లేదా, అదే చూస్తరు గిరాకీలు.
చప్పుడు ఎవ్వలడుగుతరు?"
మొయిన్ పానా జేబుల వెట్టుకున్నడు.

మెత్తటోళ్లనుకున్న. కాదు.
బ్యాటరీ ఎన్నేండ్లది, కొత్తదానికి ఎంతైతది,
మధ్యల కరెంటు పోతె ఎక్కింది దిగుతదా,
అండాలు ఒక్కొక్కటి అడిగి
మూడు నలభైని మూడు ఐదుకు దించింది.
వెయ్యిన్నూటపదార్లు బయానా. కాయిదం రాయించుకొనే లేచింది.

రోడ్డు మీదికి పల్లెవెలుగు బస్సొచ్చింది.
కండక్టరు పైనుంచి రెక్క వట్టి గుంజిండు,
అండాలు కిందినుంచి నూకింది,
ఎక్కేదాక డ్రైవరు హారన్ కొడ్తనే ఉన్నడు.
కదిలినంక ఎనక నుంచి చూస్తున్న:
అరవై మంది, టాపు మీద రెండు మంచాలు,
ఎవ్వలిదో మేకపిల్ల కిటికీలకెల్లి మూతి వెట్టింది.
దానికీ రెండే తలుపులు.
ఇన్నేండ్లల్ల ఒక్కలన్న లెక్కవెట్టంగ నేను చూడలే.