ధర చీటీలు

మంగళవారాలు నేను ధరలు వేస్తాను.
హడర్స్‌ఫీల్డ్ స్టేషనుకు దిగువన, ఛారిటీ షాపు వెనక గదిలో,
కెటిల్ పక్కన, తడిసిన కోట్ల వాసనలో.
ఈవేళ ఎవరిదో ఇల్లు ఖాళీ చేసి ఏడు పెట్టెలు దింపారు.
ఏడింట్లోనూ నవ్వించేవాళ్లే.
ఎవరో గానీ, బతుకంతా నవ్వులే కొనుక్కున్నారు.

"అన్నీ యాభై పెన్నీలు వేసెయ్, హైమా" అంది గ్లెనిస్.
అలా ఎలా వేస్తాను?
చీటీ అంటించడమంటే తీర్పు చెప్పడమే కదా.

ముందు నార్మన్ ఓల్డ్‌రాయిడ్.
రేడియో క్యాసెట్లు ఆరు: తలా రెండు పౌండ్లు, బేరం లేదు.
ఈ ఊరొచ్చిన కొత్తలో వాడి మాట ఒక్కటీ తెలిసేది కాదు,
నోట్లో ఉల్లిపాయ పెట్టుకున్నట్టు ఆ యాస.
కానీ వాడు ఆగే చోటు తెలిసేది.
పోపు గరిటెలో నూనె కాగి
ఆవాలు చిటపటమనే ముందు
ఒక్క క్షణం ఉంటుందే,
అక్కడ ఆగేవాడు.
గిన్నెలు తోముకుంటూ, అర్థం కాకుండానే నవ్వేదాన్ని.
అర్థం ఏడాదిన్నర ఆలస్యంగా వచ్చింది.
అప్పుడు మళ్ళీ నవ్వాను,
ఒకే జోకుకి రెండు కాపులు.

అదే మనిషి టీవీలో: వీడియో టేపు, ఇరవై పెన్నీలు.
ముఖం చూపించి పాడు చేసుకున్నాడు.
వడ్డించకముందే త్రేన్చినట్టు
కనుబొమ్మలు ముందే నవ్వేస్తాయి.
వెనకాల డబ్బా నవ్వు, ఏనాడు ఎవరు నవ్విందో.
నిల్వ పచ్చడికైనా ఏడాది గడువుంటుంది.

ఆత్మకథ కూడా రాశాడు. గట్టి అట్ట, నాలుగువందల పేజీలు.
చదివాను. ఎందుకని అడక్కండి.
మూడువందల పేజీలు గోల్ఫ్.
తల్లి గురించి ఒక్క పేరా ఉంది:
మిల్లులో మగ్గాల హోరుకి చెవులు పోయి
కొడుకు జోకులన్నిటికీ పెదాలు చదివి నవ్వేదట.
ఆ పేరాకి అయిదు పౌండ్లు, మిగతాదానికి సున్నా.
పేజీ చింపి అమ్మడానికి షాపు ఒప్పుకోదు.
ఒక పౌండు వేశాను, చెయ్యి రాక.

మొయిరా డన్‌లప్ నవల.
స్టేజి మీద ఆవిడ కత్తి. లీడ్స్‌లో చూశాను,
పై వరస, స్తంభం వెనక.
సగం మనిషే కనిపించింది, పూర్తిగా నవ్వాను.
నవలలో మాత్రం ప్రతి వాక్యం అద్దం ముందు నించుని
బావున్నానా అని అడుగుతుంది.
బావున్నావమ్మా, వెళ్ళు.
డెబ్బైఅయిదు.

కల్లమ్ రిడ్జ్‌వే అని ఎవరో కుర్రాడు, డీవీడీ.
నాలాంటి వాళ్ల యాసని మూడు నిమిషాలు వెక్కిరించాడు.
హాలంతా పడీ పడీ నవ్వింది.
నేను చూసిన బుర్రకథల్లో హాస్యం చెప్పే వంతగాడు
రాజుని వెక్కిరించేవాడు, కరణాన్ని వెక్కిరించేవాడు,
మంచినీళ్లు తెచ్చిచ్చినవాణ్ని ఎన్నడూ అనలేదు.
అంతే నా సిద్ధాంతం, పెద్దదేం కాదు.
కానీ వాళ్ల నాన్న ఆస్పత్రిలో
చాక్లెట్ల మిషనుతో పోట్లాడిన ముక్క
నిజంగా బాగుంది, ఏం చెయ్యను?
కోపంగానే నవ్వాను.
ఒక పౌండు వేసి, కొట్టేసి, తొంభై చేశాను.

నవ్వు నాలుగు విధాల చేటు అనేది మా మేనత్త.
ఆ నాలుగూ ఏమిటే అంటే
నవ్వేసేది.

ఏడో పెట్టె అడుగున, ఇంట్లో రికార్డు చేసిన క్యాసెట్టు.
పెన్సిలుతో "నార్మన్, గురువారం".
పెట్టి విన్నాను, ధర వెయ్యాలి కదా.
రేడియో ముందు మైకు పెట్టి పట్టినట్టున్నారు.
ఓల్డ్‌రాయిడ్ ఆగే చోట ఆగాడు.
ఆగిన చోట, ఆ గదిలో, ఎవరో చెంచా కింద పెట్టారు.
ఆడమనిషి. నవ్వు కాదు,
ఊపిరి బిగబట్టిన చప్పుడు.
ఏమొస్తుందో ఆమెకి ముందే తెలుసు.

గ్లెనిస్ తలుపు తోసింది. "అదెంత?"
ఇంట్లో పట్టినవి అమ్మకూడదని నియమం,
చెత్తలో వెయ్యాలి.
చెయ్యి చాపింది.
"ఆగు" అన్నాను.