ఒత్తు పడని అక్షరం

నెట్ బందైతదన్న మెసేజ్
నెట్‌లనే వచ్చింది, పొద్దుగాల ఆరింటికి.
చదివేలోపే ఫోన్ మీది గీతలు
ఒకదెనక ఒకటి కూలబడ్డయి.

దేవరకొండ బస్టాండ్ ఎనక
నా దుకాణం, ఏడడుగుల రేకుల అర్ర.
కులం సర్టిఫికెట్, పహాణీ నకలు,
కరెంటు బిల్లు, పరీక్ష ఫీజు.
ఆ పూట నేను అమ్మగలిగింది జిరాక్స్ ఒక్కటే.

రేషన్ షాపుల అంతమ్మ వేలు పెట్టింది.
మిషన్ తిరిగి తిరిగి ఎర్రగైంది.
"నా వేలు అరిగిందా బిడ్డా?"
కొంగుకు తుడిచి మల్ల పెట్టింది.
నీది మంచిగనే ఉందవ్వా,
సర్కారుదే అరిగింది అన్న.
లైన్ల ఒకరు నవ్విండ్రు.
ఇద్దరు అటిటు చూసిండ్రు.

ఎందుకు బందు పెట్టిండ్రో అందరికెరికే.
గుట్టకవతల, మందుల కంపెనీ గోడకాడ,
బత్తాయి తోటల బోరు చాయ రంగు నీళ్లు పోసింది.
వీడియో తీసింది నేనే. నలభై సెకన్లు.
మాట్లాడింది లేదు, తిట్టింది లేదు.
బోరు చప్పుడు, బకెట్,
బకెట్ల నురుగు,
మూతి పెట్టి ఎనక్కి గుంజుకున్న బర్రె.

రెండోనాటికి జనం గోడ దాక పోయిండ్రు.
మూడోనాడు వ్యాన్లు వచ్చినయి.
నాలుగోనాడు గీతలు పోయినయి.

ఐదు రోజులు
వార్త మల్ల కాళ్ల మీద నడిచింది.
ఇద్దర్ని పట్కపోయిండ్రని పాలవ్యాన్ డ్రైవర్,
కాదు పన్నెండు మందినని కండక్టర్.
అబద్ధాలు ఆపుతందుకే బంద్ అన్నరు గద,
నిజం ఏ మూలకు కూసుందో గని
అబద్ధం ఆటోలెక్కి ఊరూరు తిరిగింది.

తర్వాత నెట్ వచ్చింది.
గంటసేపు ఫోన్ మోగుడు ఆపలే.
నా బర్రె కింద, నా బకెట్ కింద
మూడు వందల పదహారు మంది.
మొకం కాడ పువ్వు, మొకం కాడ పులి,
ఊరి పేరు లేని మనుషులు.
ఇది పాత వీడియో.
ఇది ఈ జిల్లానే కాదు.
పైసలు తీస్కొని తీసింది.

నాకు పైసలు!
ఆ బకెట్ గూడ నాదే, మల్ల పనికి రాలే.

అభివృద్దికి అడ్డుపడేటోళ్లను తరిమి కొట్టాలె.
అభివృద్ది.
మల్ల చదివిన.
ఇంకా కిందికి పోతే అదే. ఇంకా కిందికి పోయినా అదే.
నలభై ఒక్క పేర్లు,
ఒక్కలకన్న ఒత్తు పడలే.

ఆ పడని ఒత్తు నాకు తెలుసు.
ముత్తిలింగం.
రెండు ఎండకాలాలు నా కాడనే టైపింగ్ నేర్చిండు.
షిఫ్ట్ నొక్కురా, షిఫ్ట్ నొక్కురా అని
నా నోరు నొచ్చేది.
ఎడమ చిటికెనవేలు చిన్నప్పుడే గడ్డి మిషన్ల పాయె,
ఆ మొండి అంత దూరం సాగదు.
వాని ఒత్తులన్ని ఎనక నిలబడి నేనే దిద్దేది.
ఇప్పుడు పట్నంల, రాత్రి డ్యూటీ.
ఏం పనిరా అంటే
"రాసుడు పని అక్కా" అంటడు.

మల్ల అనుకుంట,
జిల్లాల సగం మంది గట్లనే రాస్తరు.
మండలాఫీస్ గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద
గజమంత అక్షరాలల్ల అభివృద్దే.
ఒక్క ఒత్తు పట్టుకొని
పిలగాన్ని దొంగను చేస్తమా?

ఐతారం వచ్చిండు. కొత్త చెప్పులు.
మంచినీళ్లు అడిగిండు.
ఇరవై రూపాయల క్యాన్ నీళ్లు ఇచ్చిన.
వాళ్లమ్మ ఇల్లు గుట్ట కిందనే.
ఆ బోరు సంగతి వాడు అడగలే, నేను చెప్పలే.
అమ్మ పింఛన్ దరఖాస్తు ఉంది అక్కా అన్నడు.
నువ్వే కొట్టుకోరా అని కుర్చీ జరిపిన.

తెల్ల తెర మీద
వృద్దాప్య పింఛను మంజూరు గురించి.
వేళ్లు ఆగినయి.
తెరల నా మొకం కనబడ్డదేమో,
ఎనక్కి తిరగకుంటనే అన్నడు:
"ఒత్తు నువ్వు పెట్టక్కా."

ముసలామె పింఛన్ ఆగొద్దని
వాని భుజం మీదికెళ్లి చెయ్యి చాపి
షిఫ్ట్ నొక్కిన.

ప్రింటు ఐదు రూపాయలు.
పది ఇచ్చి, చిల్లర ఉంచుకోమన్నడు.
గల్ల అంతా ఎతికి
ఐదు రూపాయల బిళ్ల తీసి
వాని చేతుల పెట్టిన.