వందకి ఎంత

షంషాద్ మేడమ్ కొత్త నోటుబుక్కు ఇచ్చి
భయానికి మార్కులెయ్యమంది.
"వందకి ఎంత, ఎర్రిస్వామీ?"
బడిలో నాకెవరూ వందకి వంద వెయ్యల్యా.
ఆ పొద్దు నేనే వేసుకున్నా.

తప్పు నాది కాదని కోర్టు కాగితం వచ్చింది.
చేతులకు చదువు రాదు గదా,
స్టీరింగు అన్న మాటకే చెమట పట్టేవి.

మొదటి వారం, మా చిన్నోడి ప్లాస్టిక్కు బస్సు.
ఒక చక్రం లేదు దానికి.
బండల మీద పెట్టుకుని చూస్తా ఉంటే
నా పెండ్లాము నవ్వల్యా.
అరవై.

తర్వాత అనంతపురం డిపో గేటు, బయట నుంచే.
ఆ తర్వాత ఆగిన బండిలో నా సీటు, తాళంచెవి లేకుండా.
డీజిలు వాసన, కాలిన రెక్సిను,
అద్దానికి ఎవరో కట్టిన ఎండు నిమ్మకాయ.
దిగి పరిగెత్తాలనిపించింది.
"దిగితే భయం నీ వెంట ఇంటికొస్తుంది,
కూచుంటే అదే అలిసిపోతుంది" అనిందే మేడమ్!
కూచున్నా.
తొంభై. తొంభై. ఎనభై ఐదు.
మెకానిక్కు ఖాజాపీరు టీ ఇచ్చి, ఏమీ అడక్కుండా
బండి కిందికి దూరి ఏదో బిగిస్తా ఉండిపోయినాడు,
బిగించేది ఏమీ లేకున్నా.
డెబ్బై.

ఒక పొద్దు యార్డు గోడవతల మేక అరిచింది.
వాంతి చేసుకున్నా. మళ్ళీ తొంభై ఎనిమిది.
అదీ రాయమంది.

కండ్లు మూసుకుని ఆ తెల్లవారుజాము చెప్పమంది,
మళ్ళీ చెప్పమంది, మళ్ళీ.
మంచు, మలుపు, గొర్రెలు,
వాటి వెనక కంబళి కప్పుకున్న పిల్లోడు మాళింగ.
పదకొండోసారికి గాని
ఆ కంబళికి ఎర్ర అంచు ఉన్నట్టు గుర్తు రాల్యా.
అప్పుడు ఏడ్చినా.
అంతవరకూ వణికినానే గాని, ఏడవల్యా.

ఖాళీ బండి కురుగుంట దాకా.
పక్కన ఇంకో డ్రైవరుతో ఆత్మకూరు దాకా.
నిన్న కళ్యాణదుర్గం ఫస్టు సర్వీసు, నేనే, జనంతో.
ఆ మలుపులో
నిజంగానే మంద అడ్డమొచ్చింది.
ఆపినా. కండక్టరు నాగరత్న విజిలు నోట్లో పెట్టుకుని
ఊదకుండా నిలబడింది.
"ఎంతసేపప్పా!" వెనక నుంచి ఎవరో.
లెక్కపెట్టినా, నూటనాలుగు.
చివర ఒక ముసలాయన కర్ర ఎత్తినాడు, దేనికో.

ముప్పై అని రాసిచ్చినా.
"ఇంకా తగ్గిద్దామా?" అనింది మేడమ్.
వద్దు మేడమ్.
బ్రేకు మీద కాలుకి
ఆ మాత్రం బరువు ఉండనీ.