మూడోసారి తిరిగొచ్చిన బుష్

ఫిషింగ్ హార్బరు గేటుకి ఎడంపక్క
మూడో రేకుల షెడ్డు మాది.
బోటు షాఫ్టులు, బుష్‌లు, పంపు రిపేర్లు.
బోర్డు మీద "మెరైన్ వర్క్స్"లో
మొదటి అక్షరాన్ని ఉప్పుగాలి తినేసింది.
మిగిలింది "రైన్ వర్క్స్".
వానలు కూడా బాగుచేస్తారా అని
కొత్తవాళ్లు నవ్వుతారు.

కిందటేడు లోను తీసి టాబ్లెట్ కొన్నాను.
సరుకంతా అందులోకెక్కింది.
నట్టు నట్టుకీ ఒక నంబరు,
బాకీ బాకీకీ ఒక ఎర్రచుక్క.
బ్యాంకాయన వచ్చి చూసి
"డిజిటల్ అయిపోయారండీ" అన్నాడు.
అయిపోయామనే అనుకున్నాను,
టీ తెప్పించాను.

ఏప్రిల్ సగంలో వేట ఆగింది.
అరవై ఒక్క రోజులు
సముద్రానికి సెలవు, మాకు తిరనాళ్లు.
ఒడ్డెక్కిన బోట్లు పొట్టలు చూపిస్తూ పడుకున్నాయి.
గరికిన తాతారావు బోటు బుష్
వెళ్ళింది, వచ్చింది.
మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది.
మూడోసారి ఆయన దాన్ని బల్ల మీద పెట్టలేదు,
విసిరాడు.

టాబ్లెట్ శ్రద్ధగా రాసుకుంది:
రిటర్న్. రిటర్న్. రిటర్న్.
తేదీ తప్పు లేదు, టైము తప్పు లేదు.
"కారణం" అనే గడి మాత్రం తెల్లగా ఉంది,
నింపాలని మాకు తోచలేదు.

లెక్కలు రాసే సువర్ణకుమారి
ఆ సాయంత్రం స్క్రీను పక్కకి తిప్పి
టర్నరు అప్పలకొండని అడిగింది:
"ఎందుకొచ్చింది, మావయ్యా?"

ఇరవై రెండేళ్లలో
ఆ షెడ్డులో ఎవరూ వేయని ప్రశ్న.
"ఎవడి తప్పు?" అని అడిగేవాణ్ణి నేను.
దానికి ఎవడైనా నోరు మూసుకుంటాడు.

అప్పలకొండ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు,
చాలాసేపు.
"కాయితం మీద కొలత కంపెనీది, అమ్మా.
ఇనుము మీద కొలత ఇసకది.
ఆ షాఫ్టు ఓ పక్కే అరిగిపోనాది.
సూత్తే కనిపించదు. తిప్పితే ఇనిపిస్తాది."
"మరి చెప్పలేదేం?"
"అడిగితే గదా."

అప్పట్నుంచి షట్టరు దించే ముందు
పావుగంట డబ్బాల మీద కూర్చుంటాం,
తిరిగొచ్చిన ముక్క మధ్యలో.
పేరు చెప్పకూడదు, కారణం చెప్పాలి.
మొదటి వారం నా నాలుకే తడబడింది,
రెంటికి కారణం నేనే మరి.
అప్పలకొండ మాటల్ని
గుంటడు చిన్నబాబు ఫోన్లోకి పట్టుకుంటాడు.
షాఫ్టు ఫొటో కిందే ఆ గొంతు,
వెనక లేతు మోత, కాకుల గోల, ఎవరిదో దగ్గు.

లాభం ఎంతంటే,
లోను వాయిదా తేదీ
ఇప్పుడు నన్ను నిద్రలేపడం లేదు. అంతే చెప్తాను.
పక్కషెడ్డు వాళ్లూ అదే టాబ్లెట్ కొన్నారు.
అందులో క్రికెట్ బాగా వస్తుందట.

ఈ ఏడు వేట ఆగిన వారానికే
అప్పలకొండ కంటి ఆపరేషనుకెళ్ళాడు.
షెడ్డుకి తాళమే అనుకున్నాను.
చిన్నబాబు ఓ చేత్తో షాఫ్టు తిప్పుతూ
ఫోను చెవికానించి
ఆ గొంతు విన్నాడు, రెండుసార్లు.
తర్వాత దాని కిందే తన గొంతు పెట్టాడు:
"తాత సెప్పింది నిజివే. గానీ ఫైబరు బోట్లకి
ఇలగ కాదు. ఇటేపు ఒంగుతాది."

నల్లద్దాలతో తిరిగొచ్చిన అప్పలకొండ
అది విన్నాడు.
కోపమొస్తుందేమోనని
సువర్ణ పెన్ను ఆపింది.
ఆయన ఫోను బోర్లించి, తిరగేసి,
చిన్నబాబు చేతికిచ్చాడు.
"ఆ ఫైబరు సంగతి నాకు తెల్దురా.
మళ్లీ ఎట్టు."