గాలికి హద్దురాళ్లు

ఫైలు మీద రాసింది నేనే.
గాలిమర. పద్దెనిమిది వందల ఇరవై ఆరు.
ఇటుక కట్టడం, రక్షిత జాబితాలో ఉంది.
దాని కింద ఇంకో గడి: చుట్టుపట్ల.
అందులో ఏం రాయాలో తెలీక
రెండు వారాలు ఖాళీగా వదిలేశాను.

నార్ఫోక్‌లో లిటిల్ హాజెట్ అనే ఊరు.
ఏడు వీధులు, రెండు చేపల వేపుడు కొట్లు, ఒక మర.
మరకి నైరుతి పక్క చక్కెరదుంపల చేను.
ఆ చేలో అయిదంతస్తులు లేస్తాయట,
నలభై ఎనిమిది ఫ్లాట్లు.

కంపెనీ పెద్దమనిషి మర్యాదస్తుడు.
మరని ముట్టుకోం, అన్నాడు. ఒక్క ఇటుక కదపం.
పైగా రాత్రిళ్లు దానికి దీపాలు పెడతాం,
ప్రతి బాల్కనీలోంచీ కనబడుతుంది.
నూట పది మీటర్ల దూరం, కొలుచుకోండి.

కొలిచాను. నూట పన్నెండు.

హెడ్లీ థర్కెటిల్ ఏమీ కొలవలేదు.
డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, కనుబొమల్లో పిండి.
నన్ను నిచ్చెనలెక్కించి మూడో అటక మీదికి తీసికెళ్లి
గోడకి నా అరచెయ్యి ఆనించాడు.
లోపలెక్కడో పెద్ద జంతువు నెమరేస్తున్నట్టు
ఇటుక వణుకుతోంది.
"మర అంటే ఇదీ. మిగతాదంతా గోడ," అన్నాడు.

మా భాషలో గాలికి మర్యాద తక్కువ.
పస లేని మాట గాలిమాట.
పట్టించుకోనిదల్లా గాలికొదిలేసినట్టే.
ఎగిరిపోయే పేలపిండిని కృష్ణార్పణం అనేసి
ఆ పుణ్యం కూడా మన ఖాతాలోనే వేసుకుంటాం.
కానీ కళ్లంలో చేట ఎత్తిపట్టి
ఎదురుచూసిన చేతులకి తెలుసు,
అది రాని రోజున గింజా పొట్టూ ఒకటేనని.
ఇంకోటి. నైరుతి మూల బరువుండాలి అంటారు మావాళ్లు.
ఇక్కడ ఆ మూలే ఖాళీగా ఉండాలి.
ఇదంతా నివేదికలో పట్టదు.

సమావేశం రోజు హాలంతా తడిసిన కోట్ల వాసన.
థర్కెటిల్ అట్టపెట్టె మోసుకొచ్చాడు,
నలభై మూడేళ్ల నోటుపుస్తకాలు.
ఒకటి తీసి చదివాడు:
మార్చి తొమ్మిది. నైరుతి. బాగుంది. రెండు బస్తాలు.
మార్చి పది. నైరుతి. ఐరిస్ ఆస్పత్రిలో. అయినా తిప్పాను.
మార్చి పదకొండు. గాలి లేదు.
పేజీ తిప్పబోయి మానేశాడు.
ఎవరూ దగ్గలేదు.

అప్పుడు వెనక వరసలో ఒకావిడ లేచింది.
టీనా గూచ్, వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ,
యూనిఫాం మీదే వచ్చింది.
"ఆ మర నాకూ ఇష్టమే. బళ్లో దాని బొమ్మ వేసేదాన్ని.
ఇప్పుడు నేనూ ముగ్గురు పిల్లలూ ఒక్క గదిలో పడుకుంటున్నాం.
మాకు గాలి ఎటునుంచి రావాలో కూడా ఎవరైనా రాయండి."
అప్పుడూ ఎవరూ దగ్గలేదు.

నాకు నోరుంది. ఆఫీసరుకి ఉండకూడదు.
చేపల కొట్టు పైన అద్దె గది నాది,
కిటికీ తెరిస్తే పక్కింటి గోడ.
ఆ రాత్రి నూనె వాసనలో కూర్చుని
ఖాళీ గడిలో ఒక్క మాట రాశాను:
నైరుతి.
ఆ తర్వాత పదకొండు పేజీలు దానికి సంజాయిషీ.

ఆరు వారాలకి తేల్చారు.
చేను సగం చేనుగానే ఉంటుంది.
ఉత్తరపు కొసన రెండంతస్తుల ఇళ్లు, ముప్పై ఒకటి.
పదిహేడు గడపలు గాలికి పోయాయి.
కౌన్సిల్ జాబితాలో టీనా గూచ్ ముప్పై నాలుగోది.
చూడకుండా ఉండాల్సింది. చూశాను.

థర్కెటిల్ రెండు కిలోల పిండి పంపాడు.
కానుకల రిజిస్టర్లో ఎక్కించి
ఆఫీసు వంటగదిలో పెట్టేశాను.

శనివారం బస్సులో నా ముందు సీట్లో వాళ్లే.
టీనా నన్ను గుర్తుపట్టింది.
తల ఊపిందో, బస్సు కుదిపిందో.
చేను మీదుగా మర తిరుగుతోంది,
తొందరేమీ లేనట్టు.
చిన్నవాడు అద్దం మీద ఊపిరూది
వేలితో నాలుగు రెక్కలు గీశాడు.
మలుపు రాకముందే చెరిగిపోతుంటే
మళ్లీ ఊదాడు.